‘అన్‌డూ’ కథ: బస్తా కుట్టు నుంచి కంట్రోల్ జెడ్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఇంగ్లీష్ మాట గురించి మాట్లాడుకుందాం. చిన్న మాటే. మీ ఫోన్‌లో రోజూ కనిపిస్తుంది. అన్‌డూ.

దీని మీద ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో ముందు చెప్పాలి. నేను జాబ్‌లో చేరి రెండో సంవత్సరం. నైట్ షిఫ్ట్. టైమ్ పదకొండు నలభై. డేటాబేస్‌లో ఒక టెస్ట్ ఆర్డర్ తాలూకు అడ్రస్ తీసేయాలి. డిలీట్ కమాండ్ టైప్ చేశా. ‘వేర్’ అని ఒక కండిషన్ పెట్టాలి, అంటే ఏ లైన్ తీసేయాలో చెప్పాలి. నేను కమాండ్‌లో సగమే సెలెక్ట్ చేసి రన్ నొక్కా. ‘వేర్’ సెలెక్షన్ బయట ఉండిపోయింది. అంటే, “ఈ ఒక్క అడ్రస్ తీసేయ్” అనాల్సింది పోయి, “అన్నీ తీసేయ్” అన్నా. కస్టమర్ల డెలివరీ అడ్రస్‌లు మొత్తం పోయాయి. అది టెస్ట్ డేటాబేస్ కూడా కాదు, లైవ్‌లో ఉన్నది.

అప్పుడు నా చెయ్యి చేసిన మొదటి పని ఏంటో తెలుసా? కంట్రోల్ జెడ్ నొక్కడం. నొక్కితే ఏమైంది? నేను టైప్ చేసిన కమాండ్‌లో చివరి ముక్క వెనక్కి పోయింది. డేటా మాత్రం రాలేదు.

ఆ రాత్రి తర్వాత ఏం జరిగిందో చివర్లో చెప్తా. డేటా కంటే పెద్ద తప్పు ఒకటి ఉంది అందులో. ముందు ఈ మాట కథ చూద్దాం.

బటన్ ‘రిమూవ్’ చేస్తే ఏమవుతుంది?

మనలో చాలామందికి అన్‌డూ అంటే కంప్యూటర్ మాట. కానీ కంప్యూటర్ రాకముందు వెయ్యేళ్ల నుంచీ ఇంగ్లీష్‌లో ఈ మాట ఉంది. దాని మొదటి పని చాలా మామూలుది: కట్టింది విప్పడం, బిగించింది వదులు చేసి తెరవడం. చొక్కా గుండీ విప్పితే అన్‌డూ. షూ లేసు ముడి విప్పితే అన్‌డూ. జిప్ తీస్తే, సీట్ బెల్ట్ తీస్తే, జడ విప్పితే, పార్సిల్ దారం విప్పితే, అన్నీ అన్‌డూనే.

ఇక్కడ మన తెలుగువాళ్లం ఒక చోట తడబడతాం. మనకి ‘తీయ్’ అనే మాట అన్ని పనులూ చేస్తుంది. తలుపు తీయ్ అంటే తెరవడం. చొక్కా తీయ్ అంటే ఒంటి మీద నుంచి తీసేయడం. గుండీ తీయ్ అంటే విప్పడం. ఈ ‘తీయ్’ని తలలో పెట్టుకుని ఇంగ్లీష్‌లోకి వెళ్తే “రిమూవ్ ద బటన్” అంటాం. ఇంగ్లీష్ వాళ్లకి అది ఎలా వినిపిస్తుందంటే, గుండీని చొక్కా నుంచి పీకేయమన్నట్టు. లేదా “ఓపెన్ ద షూ లేస్” అంటాం. అర్థమవుతుంది గానీ వాళ్లు అలా అనరు. “అన్‌డూ ద బటన్”, “అన్‌డూ యువర్ లేసెస్” అంటారు.

మరి అన్‌టై, అన్‌ఫాసెన్, లూసెన్ ఉన్నాయి కదా, తేడా ఏంటి? సింపుల్. తాడు, దారం, లేసు లాంటివి ముడి వేసి ఉంటేనే అన్‌టై. జిప్‌కి అన్‌టై వాడకూడదు, ఎందుకంటే అక్కడ ముడి లేదు. అన్‌ఫాసెన్ కొంచెం మర్యాద మాట, విమానంలో అనౌన్స్‌మెంట్‌లో వినిపించేది. లూసెన్ అంటే పూర్తిగా విప్పడం కాదు, వదులు చేయడం. భోజనం ఎక్కువై బెల్ట్ ఒక రంధ్రం వెనక్కి జరిపితే అది లూసెన్. బెల్ట్ మొత్తం విప్పితే అన్‌డూ. తాళంచెవితో తీసే తాళానికి అన్‌లాక్ అనే వేరే మాట ఉంది. మిగతా చాలావాటికి, ఇంట్లో మామూలుగా మాట్లాడేటప్పుడు, అన్‌డూ సరిపోతుంది.

ఇంకో చిన్న విషయం. నిన్న చేసిన పనికి ‘అన్‌డిడ్’. అయిపోయిన పనికి ‘అన్‌డన్’. ‘అన్‌డూడ్’ అనే మాట లేదు. నేను ఇంటర్వ్యూలో వాడా, అందుకే చెప్తున్నా.

‘డూ’ అంటే చేయడం అయితే, విప్పడం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇదే నాకు చాలా రోజులు అర్థం కాలేదు. డూ అంటే చేయడం. అన్‌డూ అంటే ‘చేయకపోవడం’ అవ్వాలి, లేదా ‘చేసింది వెనక్కి తీసుకోవడం’ అవ్వాలి. గుండీకి ఏం సంబంధం?

జవాబు ‘డూ’ అనే మాట పాత అర్థంలో ఉంది. పాత ఇంగ్లీష్‌లో డూకి ‘చేయడం’తో పాటు ‘పెట్టడం, ఉంచడం’ అనే అర్థం కూడా ఉండేది. దానికి గుర్తుగా ఇంగ్లీష్‌లో ఇప్పటికీ రెండు మాటలు మిగిలాయి. టోపీ పెట్టుకోవడాన్ని ‘డాన్’ అంటారు. అది ‘డూ ఆన్’, రెండు మాటలు కలిసిపోయింది. టోపీ తీయడాన్ని ‘డాఫ్’ అంటారు. అది ‘డూ ఆఫ్’. బ్రిటన్‌లో ఇప్పటికీ గుండీలు పెట్టుకోవడాన్ని “డూ అప్” అంటారు. కాబట్టి పెట్టింది తీయడం, బిగించింది విప్పడం అన్‌డూ అయింది. పాత ఇంగ్లీష్‌లో తలుపు తెరవడానికి కూడా ఇదే మాట వాడేవాళ్లు.

ఇక్కడ ఒక సరదా చుట్టరికం ఉంది. ఇంగ్లీష్ ‘డూ’, సంస్కృతంలో ‘ధా’ అనే ధాతువు, రెండూ ఒకే పురాతన భాష నుంచి వచ్చిన మాటలు. ఆ ‘ధా’ అంటే కూడా పెట్టడం, ఉంచడమే. దాని నుంచి మన తెలుగులోకి వచ్చిన మాటలు చూడండి: నిధి, అంటే దాచి ఉంచింది. విధి, అంటే నిర్ణయించి పెట్టింది. మనం “విధి రాత ఎవరు మారుస్తారు” అని నిట్టూరుస్తాం కదా, ఆ విధి, అన్‌డూలో ఉన్న డూ దూరపు చుట్టాలన్నమాట. ఒకటి మార్చలేం అంటుంది, ఇంకోటి మార్చొచ్చు అంటుంది.

మరి ‘అన్’ సంగతి? ఇక్కడ జాగ్రత్తగా వినండి, చివర్లో దీంతో పని ఉంది. ఇంగ్లీష్‌లో ‘అన్’ ఒకటి కాదు, రెండు. పైకి ఒకేలా ఉంటాయి, పుట్టుక వేరు. ‘అన్‌హ్యాపీ’లో ఉన్న అన్ అంటే ‘కాదు, లేదు’. మన అనవసరం, అనారోగ్యంలో ఉన్న ‘అన్’కి అది సొంత చుట్టం. ‘అన్‌డూ’, ‘అన్‌టై’లో ఉన్న అన్ వేరే ఇంటిది. దాని అర్థం ‘ఎదురు దిశలో’. గ్రీకులో ‘యాంటీ’ ఉంది కదా, యాంటీబయాటిక్‌లో ఉండే యాంటీ, దాని బంధువు. అంటే మొదటి అన్ ‘లేదు’ అంటుంది. రెండో అన్ ‘వెనక్కి నడువు’ అంటుంది.

కత్తితో కోస్తే అది విప్పడమేనా?

సరే, ఇప్పుడు క్రీస్తు పూర్వం 333కి వెళ్దాం. ఈ రోజు టర్కీలో, అంకారాకి నైరుతిగా గోర్డియం అనే ఊరి శిథిలాలు ఉన్నాయి. అక్కడ ఒక పాత ఎడ్ల బండి ఉండేదట. దాని కాడిని ఏగిర్రకి చెట్టు బెరడు తాడుతో కట్టారు. ఆ ముడికి కొసలు ఎక్కడున్నాయో బయటికి కనిపించవు. దాన్ని విప్పినవాడు ఆసియాని ఏలుతాడు అని ఒక జోస్యం. అలెగ్జాండర్ వచ్చాడు. చూశాడు. కొస దొరకలేదు.

తర్వాత ఏం చేశాడు? మనందరికీ తెలిసిన కథ: కత్తి దూసి ఒక్క వేటు. మోటివేషనల్ వీడియోల్లో ఇది చెప్తూ ఉంటారు, “ప్రాబ్లమ్‌ని కొత్తగా చూడు బ్రో” అని. కానీ అలెగ్జాండర్‌తో పాటు దండయాత్రలో ఉన్న అరిస్టోబులస్ వేరేలా రాశాడు. ఆయన రాసిన పుస్తకం మనకి దక్కలేదు, ఆరియన్, ప్లూటార్క్ అనే తర్వాతి రచయితలు ఆ మాట ఎత్తి చెప్పారు. అరిస్టోబులస్ ప్రకారం అలెగ్జాండర్ కత్తి తీయలేదు. ఏగిర్రలో గుచ్చిన మేకు లాగేశాడు. ముడి మొత్తం ఆ మేకు మీదే నిలబడి ఉంది. మేకు వస్తే కాడి ఊడి వచ్చింది.

రెండింటికీ తేడా చూడండి. కత్తితో కోస్తే పని అవుతుంది, తాడు పోతుంది. మేకు లాగాలంటే, అసలు దాన్ని కట్టినవాడు ఎలా కట్టి ఉంటాడు అని ఆలోచించాలి. నా దృష్టిలో రెండోదే అన్‌డూ.

ఇది నాకు చిన్నప్పుడే తెలియాల్సింది. మాది ఖమ్మం దగ్గర. నాన్నకి కిరాణా కొట్టు. బియ్యం బస్తా మూతి మిషన్ కుట్టు మీరు చూసే ఉంటారు. నేను కత్తెర పట్టుకుని దానితో కుస్తీ పడేవాణ్ణి. ఇక్కడ కత్తిరించు, అక్కడ పీకు, దారం ముక్కలు ముక్కలై బియ్యంలో పడేవి. నాన్న వచ్చి, “ఆ కొస కాదురా, ఈ కొస” అని, ఒక చివర దారం పట్టుకుని లాగేవాడు. సర్ర్ మని మొత్తం కుట్టు ఒక్క లాగులో వచ్చేసేది. దారం కూడా తెగదు. దాన్ని చుట్టి మేకుకి తగిలించేవాడు, పొట్లాలకి పనికొస్తుందని.

దాని రహస్యం ఏంటంటే, అది గొలుసు కుట్టు. ప్రతి కుట్టూ ముందు కుట్టు ఉచ్చులోంచి వస్తుంది. కుట్టడం ఎక్కడ ఆగిందో ఆ కొస నుంచి లాగితే ఒక్కో ఉచ్చూ విడిపోతూ వస్తుంది. కుట్టడం ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి లాగితే బిగుసుకుపోతుంది. చివర వేసిన కుట్టు ముందు విప్పాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అన్‌డన్ అంటే నాశనం

అన్‌డూకి ఇంకో ముఖం ఉంది, అది చీకటి ముఖం. ఇంగ్లీష్‌లో ఒక మనిషిని ‘అన్‌డన్’ అంటే, అతని పని అయిపోయింది, నాశనమైపోయాడు అని. “హిజ్ టెంపర్ వాజ్ హిజ్ అన్‌డూయింగ్” అంటే అతని కోపమే అతని కొంప ముంచింది అని. పాత ఇంగ్లీష్ కాలం నుంచీ ఈ అర్థం ఉంది. ఆలోచిస్తే అర్థమవుతుంది. మనిషంటే ఒక కట్ట అనుకోండి. పరువు, ఇల్లు, బంధాలు, ఆరోగ్యం, అన్నీ కలిపి కట్టిన కట్ట. కట్టు విప్పేస్తే చెల్లాచెదురు.

ఈ రెండు ముఖాలూ ఒకే చోట కనిపించేది షేక్‌స్పియర్ నాటకం కింగ్ లియర్‌లో. 1606 డిసెంబర్ 26న ఇంగ్లండ్ రాజు జేమ్స్ ఎదుట ఆడారు దీన్ని. కథలో ముసలి రాజు కోపంలో మంచి కూతుర్ని వెళ్లగొడతాడు. చివరి సీన్‌లో ఆ కూతురి శవాన్ని చేతుల్లో మోసుకొస్తాడు. చేసింది ఏదీ వెనక్కి రాదు. అప్పుడు పక్కనున్న వాణ్ణి ఒక చిన్న సాయం అడుగుతాడు: ఒక గుండీ విప్పమని. థ్యాంక్స్ కూడా చెప్తాడు. కాసేపటికి చనిపోతాడు. షేక్‌స్పియర్ అక్కడ వాడిన మాట అన్‌డూనే. రాజ్యం పోయింది, కూతురు పోయింది, ఆయన ప్రపంచంలో ఇంక విప్పగలిగింది ఒక్క గుండీ. ఆ గుండీ ఆయనదా, కూతురిదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు.

కంప్యూటర్‌కి జ్ఞాపకం నేర్పారు

ఇప్పుడు మన ఏరియాకి వద్దాం. 1968. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ. ఆండ్రీస్ వాన్ డామ్ అనే ప్రొఫెసర్, ఆయన స్టూడెంట్స్ కలిసి ఫ్రెస్ అనే ఎడిటింగ్ సిస్టమ్ తయారు చేశారు. గది నిండా ఉండే ఐబీఎం కంప్యూటర్ మీద నడిచేది. అన్‌డూ ఉన్న తొలి సిస్టమ్స్‌లో ఇది ఒకటి. ఎలా చేశారు? మీరు చేసే ప్రతి మార్పునీ అది వెంటనే అసలు ఫైల్‌లో కలిపేయదు. నీడలాంటి ఇంకో కాపీలో పెడుతుంది. వద్దనుకుంటే నీడని పారేస్తే సరి.

తర్వాత 1970ల మొదట్లో వారెన్ టైటెల్‌మన్ అనే సైంటిస్ట్, లిస్ప్ అనే భాషలో ప్రోగ్రామ్ రాసేవాళ్ల కోసం ‘ప్రోగ్రామర్స్ అసిస్టెంట్’ అని ఒకటి చేశాడు. అది మీరిచ్చిన కమాండ్ల లిస్ట్ గుర్తుపెట్టుకుంటుంది, ఒక్కో కమాండ్ దేన్ని మార్చిందో కూడా రాసుకుంటుంది. అందుకే వెనక్కి తీసుకోగలదు. 1976లో ఐబీఎం పరిశోధకులు లాన్స్ మిల్లర్, జాన్ థామస్ ఒక రిపోర్ట్‌లో, వాడేవాళ్లు కనీసం చివరి కమాండ్‌ని అయినా వెనక్కి తీసుకోగలిగితే బాగుంటుంది అని రాశారు. ఈ రోజు మనకి గాలిలా అనిపించే సౌకర్యం అప్పుడు ఒక రిక్వెస్ట్ అన్నమాట.

ఎందుకు అవసరమైందో చెప్పే కథ ఒకటి ఉంది. కాలిఫోర్నియాలో జిరాక్స్ పార్క్ అనే రీసెర్చ్ సెంటర్‌లో 1974లో బ్రావో అనే ఎడిటర్ తయారైంది. అందులో మీరు కమాండ్ మోడ్‌లో ఉంటే, ఒక్కో అక్షరం ఒక్కో ఆజ్ఞ. టెక్స్ట్ మోడ్‌లో ఉన్నాననుకుని ఎవరైనా ‘ఎడిట్’ అని టైప్ చేస్తే, ఈ అంటే ఎవ్రీథింగ్, మొత్తం సెలెక్ట్. డీ అంటే డిలీట్. ఐ అంటే ఇన్సర్ట్. టీ మిగిలింది. మీ డాక్యుమెంట్ మొత్తం పోయి, ఒక్క ‘టీ’ అక్షరం ఉంటుంది. నా అర్ధరాత్రి డిలీట్‌కి పెద్దన్న ఇది.

అదే పార్క్‌లో పనిచేసిన ల్యారీ టెస్లర్‌కి ఈ మోడ్స్ అంటే మంట. తన కారు నంబర్ ప్లేట్ మీద కూడా “నో మోడ్స్” అని రాయించుకున్నాడు. మనిషి తప్పు చేస్తే అది మనిషి తప్పు కాదు, డిజైన్ తప్పు అని ఆయన నమ్మకం. 1980లో ఆపిల్‌లో చేరాడు. 1983 జనవరిలో వచ్చిన ఆపిల్ లీసా కంప్యూటర్‌లో కీబోర్డ్ కింది వరసలో నాలుగు పక్కపక్క అక్షరాలకి పనులు అప్పగించారు: జెడ్‌కి అన్‌డూ, ఎక్స్‌కి కట్, సీకి కాపీ, వీకి పేస్ట్. మనం ఇప్పటికీ అవే నొక్కుతున్నాం. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో చనిపోయారు.

అప్పట్లో అన్‌డూ ఒక్క మెట్టే. రెండోసారి నొక్కితే అన్‌డూ చేసింది తిరిగి వచ్చేది. ఎన్నో మెట్లు వెనక్కి వెళ్లడం చాలా ప్రోగ్రామ్‌లలోకి తర్వాతే వచ్చింది. ఫోటోషాప్‌లో హిస్టరీ లిస్ట్ వచ్చింది 1998లో, వెర్షన్ 5తో.

ఈ మెట్లు లోపల ఎలా ఉంటాయో తెలుసా? బీటెక్ చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. స్టాక్. చివర పెట్టింది ముందు వస్తుంది. పరీక్షలో నేను దానికి ప్లేట్ల దొంతర ఉదాహరణ రాశా, అందరూ అదే రాస్తారు. కానీ నిజంగా స్టాక్ అంటే మా నాన్న చేతిలో బియ్యం బస్తా కుట్టు. ఒక్కో ఉచ్చూ ఒక్కో మార్పు. చివరి కొస నుంచి లాగాలి. మధ్యలో కత్తెర పెడితే చిక్కు.

అంటే అన్‌డూలో మంత్రం ఏమీ లేదు. కంప్యూటర్ కాలాన్ని వెనక్కి తిప్పట్లేదు. మీరు ప్రతి అడుగు వేసేటప్పుడు, ముందు ఎలా ఉందో ఎవరో ఒకరు ఓపిగ్గా రాసిపెడుతున్నారు. రాసిపెట్టకపోతే అన్‌డూ లేదు.

కొన్నిసార్లు అది కూడా కాదు. జీమెయిల్‌లో ‘అన్‌డూ సెండ్’ 2009లో ప్రయోగంగా వచ్చింది, 2015లో అందరికీ ఇచ్చారు. వెళ్లిపోయిన మెయిల్ వెనక్కి వస్తుందనుకుంటాం. రాదు. సెండ్ నొక్కాక అది కొన్ని సెకన్లు మీ దగ్గరే ఆగుతుంది. ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లు. ఆ లోపల మనసు మారితే పంపదు, అంతే. గడప దాటని మాటనే ఆపగలం. గడప దాటిన మాటకి బటన్ లేదు.

జిమ్ గ్రే చెప్పిన మూడు రకాలు

ఇప్పుడు నా రాత్రికి దగ్గరగా వస్తున్నాం. డేటాబేస్‌ల ప్రపంచంలో జిమ్ గ్రే అని ఒక పెద్దాయన. 1998 ట్యూరింగ్ అవార్డ్ ఆయనదే. బ్యాంక్ ట్రాన్సాక్షన్ మధ్యలో కరెంట్ పోయినా మీ డబ్బు గాల్లో కలిసిపోకుండా ఉంటుందంటే, దాని వెనక ఆయన ఆలోచనలు ఉన్నాయి. మార్పు చేసే ముందే పాత విలువని ఒక లాగ్‌లో రాసుకోవాలి. పని పూర్తయితే ‘కమిట్’. మధ్యలో తేడా వస్తే లాగ్ చూసి ‘రోల్‌బ్యాక్’. కమిట్ అయ్యాక ఇంక రోల్‌బ్యాక్ లేదు.

1981లో రాసిన ఒక పేపర్‌లో ఆయన పనుల్ని మూడు రకాలుగా విడదీశాడు. ఒకటి, వెనక్కి తీసుకోవాల్సిన అవసరమే లేనివి, టెంపరరీ ఫైల్ లాంటివి. రెండు, వెనక్కి తీసుకోగలిగినవి, తీసుకోవాల్సినవి. మూడోదానికి ఆయన పెట్టిన పేరు ‘రియల్’. నిజమైన పనులు. ఒకసారి జరిగాయంటే అన్‌డూ ఉండదు. ఏటీఎం నోట్లు బయటికి ఇచ్చేసింది. విమానం రెక్క కోణం మారిపోయింది. ఇంక కంప్యూటర్ లోపల ఎన్ని లాగ్‌లు ఉన్నా ఆ నోట్లు వెనక్కి లాక్కోలేదు.

మరి కమిట్ అయిన తప్పుకి ఏం చేయాలి? గ్రే జవాబు: ఇంకో కొత్త ట్రాన్సాక్షన్ చేయాలి. కాంపెన్సేటింగ్ ట్రాన్సాక్షన్. తప్పుని చెరపవు, దాని పక్కన దిద్దుబాటు రాస్తావు. లెక్కల పుస్తకాలు రాసేవాళ్లు చేసేది కూడా ఇదే. తప్పు ఎంట్రీని రబ్బర్ పెట్టి చెరపరు. దానికి ఎదురు ఎంట్రీ ఒకటి వేస్తారు. పేజీలో రెండూ ఉంటాయి, తప్పూ, దిద్దుబాటూ.

ఆ రాత్రి మిగతా భాగం

నా కమాండ్ కమిట్ అయిపోయింది. మా టూల్‌లో ఆటో కమిట్ ఆన్‌లో ఉంది. మేం ముందు రాత్రి ఒంటిగంటకి తీసిన బ్యాకప్ నుంచి డేటా తెచ్చాం. ఆ రోజు వచ్చిన కొత్త అడ్రస్‌లు, దాదాపు ఒక పూర్తి రోజువి, పోయాయి. కస్టమర్లకి ఫోన్లు చేసి అడ్రస్‌లు మళ్లీ తీసుకున్నారు. ఒక వారంలో ఆ గొడవ సర్దుకుంది.

పొద్దున్నే ఎంక్వైరీ. మా టీమ్ అందరం ఒకే లాగిన్ వాడేవాళ్లం, కాబట్టి లాగ్‌లో టీమ్ పేరే ఉంది, మనిషి పేరు లేదు. ఆ షిఫ్ట్‌లో ఇద్దరమే ఉన్నాం. నేను పర్మనెంట్. ఇంకో అబ్బాయి కాంట్రాక్ట్, చేరి నాలుగు నెలలు. అందరూ అతన్నే అనుకున్నారు. “కొత్తోడు కదా” అన్నారు ఎవరో. నేను నోరు తెరవలేదు. అబద్ధం చెప్పలేదు, నిజమే. ఎవరూ నన్ను సూటిగా అడగలేదు, నేను చెప్పలేదు. తర్వాతి నెల అతని కాంట్రాక్ట్ రెన్యూ చేయలేదు. వెళ్లేటప్పుడు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, “వస్తా అన్నా” అన్నాడు.

‘అన్‌డన్’ గురించి ఇప్పుడు చెప్తా. ఇందాక రెండు ‘అన్’లు ఉన్నాయన్నా కదా. అందుకే ‘అన్‌డన్’ కూడా నిజానికి రెండు మాటలు. ఒకటి రెండో అన్‌తో: విప్పేసినది, నాశనమైనది. ఇంకోటి మొదటి అన్‌తో, ‘లేదు’ అనే అన్‌తో: చేయకుండా వదిలేసినది. రాసేటప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, పలకడం కూడా ఒకటే.

ఇన్నాళ్లూ నా తప్పు ఆ డిలీట్ అనుకునేవాణ్ణి. దాన్ని అన్‌డూ చేయలేకపోయానే అని. డిలీట్ బ్యాకప్‌తో సర్దుకుంది. మిగిలిపోయింది రెండో రకం అన్‌డన్, నేను చెప్పకుండా వదిలేసిన మాట. చేసిన పనికైతే లాగ్ ఉంటుంది. చేయని పనికి ఏ లాగూ ఉండదు. నాకు ఒక్కడికే గుర్తు.

ఆ తర్వాత మూడేళ్లకి, జాబ్ మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టాక, అతని నంబర్ సంపాదించి ఫోన్ చేశా. మొత్తం చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “నాకు తెలుసు అన్నా. నేను ఆ టేబుల్ ముట్టుకోలేదు, ఇంక మిగిలింది మీరే కదా.” ఇంకో మాట కూడా అన్నాడు: “అప్పుడు చెప్పుంటే బాగుండేది. నాకు ఎనిమిది నెలలు జాబ్ లేదు.” కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

అప్పటి మా మేనేజర్‌కి కూడా మెయిల్ రాశా, ఆ రోజు చేసింది నేను అని, ఆ అబ్బాయి కాదు అని. సెండ్ నొక్కాక కింద ‘అన్‌డూ’ అని చిన్న బటన్ వచ్చింది. చూస్తూ కూర్చున్నా, అది మాయమయ్యే దాకా.

ఆ ఎనిమిది నెలలు వెనక్కి రావు. అవి గ్రే చెప్పిన మూడో రకం. నేను చేసింది ఎదురు ఎంట్రీ మాత్రమే. కానీ పుస్తకంలో ఇప్పుడు రెండూ ఉన్నాయి.

అందుకే ఈ మాట మీకు చెప్పాలనిపించింది. అన్‌డూ అంటే కాలాన్ని వెనక్కి తిప్పే బటన్ కాదు. అది ముడి విప్పే మాట. విప్పాలంటే, ఎలా కట్టామో ఒప్పుకుని, చివరి కొస పట్టుకుని, ఒక్కో ఉచ్చూ వెనక్కి రావాలి. కొన్ని వస్తాయి, కొన్ని రావు. రానివాటికి ఎదురు ఎంట్రీ వేయాలి. అది ఎంత తొందరగా వేస్తే అవతలి మనిషికి అన్ని నెలలు మిగులుతాయి.

మీ దగ్గర అలా చెప్పకుండా వదిలేసిన మాట ఏదైనా ఉంటే, ఈ వీడియో ఇక్కడ ఆపేయండి. ముందు ఆ ఫోన్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.